బొమ్మ తుపాకికి వన్నె మార్చుట



పిల్లలాడుకొను తుపాకి బొమ్మకు రంగు పూయుట పెద్దల యెదుట ప్రసంగింపదగిన విషయమా యని మీలో కొందఱకు తోచవచ్చును. నాకును మొదట నట్లే తోచినది. 2019వ సంవత్సరమున అమెరికాలోని డల్లాసు నగరమునందు నా కుమారుని యింట నుండగా, పదమూడేండ్ల నా మనుమడు పసుపు, నీలము రంగులు గల ప్లాస్టిక్ తుపాకి నొకదానిని తెచ్చి, దానిని చలనచిత్రములోని యాయుధమువలె మార్చుటకు సాయపడుమని కోరినాడు. స్ప్రింగు బలముచే మెత్తని స్పాంజి ముక్కలను విసరునట్టి యీ బొమ్మలను అచ్చట నెర్ఫ్ అను పేర నమ్ముదురు. ఆ పని మా కిరువురకు నాలుగు దినములు పట్టినది.

వాని మనస్సులోని చలనచిత్రము 1977లో జార్జి లూకాసు తీసిన "స్టార్ వార్స్". నక్షత్రలోకములలో జరిగిన యుద్ధకథ యది. అందలి యోధులు గుండ్లకు మాఱుగా వెలుగు కోలలను విడుచు "బ్లాస్టరు" లను తుపాకులను ధరింతురు. ఇవి కేవలము కల్పనచే పుట్టిన రూపములని నేననుకొంటిని గాని, నిజ మట్లు గాదు. కథానాయకులలో నొకని పిస్తోలు 1896లో జర్మనీయందు వెలువడిన మౌజరు పిస్తోలు. దానిపై నొక దుర్భిణిని బిగించి మార్చినారు. తెల్లని కవచములు దొడిగిన సైనికుల చేతులలోనివి ఇంగ్లండులో తయారైన స్టెర్లింగు తుపాకులు. రోజరు క్రిస్టియను అను కళాలంకర్త వానికి బీరువా సొరుగులలో వాడు ప్లాస్టిక్ బద్దలను అంటించి కొత్త రూపము గల్పించెను. ఈ స్టెర్లింగు తుపాకినే మన ప్రభుత్వమువారు కాన్పూరు కర్మాగారమున చేయించిరి. మన సైనికుల భుజములపై దానిని మీలో కొందఱు చూచియే యుందురు.

లూకాసు కోరిన దేమనగా, ఆ లోకములోని వస్తువు లన్నియు వాడి వాడి యరిగిపోయినట్లు కానరావలెను. ఈ పనిలోని కిటుకంతయు నిందే యున్నది. కొండపల్లి పనివాడు పొనికి కొయ్యను చెక్కి, చింతగింజల పిండితో చేసిన మక్కుతో అతుకులు పూడ్చి, బొమ్మ కొత్తపెండ్లికూతురువలె మెఱయునట్లు రంగులు దిద్దును. ఇచ్చట తద్విరుద్ధముగా, నిన్న కొన్న వస్తువును ముప్పదియేండ్ల పాతదిగా చేయవలెను.

ముందుగా మరలు విప్పి బొమ్మను రెండు చెక్కలుగా విడదీయవలెను. విప్పునప్పుడు ఏ మర యెచ్చటిదో గుర్తుంచుకొనకున్న తరువాత తిప్పలు తప్పవు. మే మొక పూట యంతయు నొక చిన్న స్ప్రింగు చోటును వెదకుటతోనే గడపితిమి. లోపల కదలు భాగములకు రంగు తగులరాదు. రంగు పొర దళసరియై యవి పట్టుకొనిపోవును. పై చెక్కలను సబ్బునీటితో కడుగవలెను. చేతి జిడ్డు ఏమాత్రము మిగిలినను రంగు పొరలుగా లేచును. పిదప సన్నని ఉప్పుకాగితముతో రుద్ది నునుపును పోగొట్టి, వ్యాపారి పేరున్న యుబ్బెత్తు అక్షరములను అరగదీయవలెను. దానిపై ప్రైమరు, అటుపై నలుపు, రెండును పలుచని పొరలుగా, ఒకటి యారిన పిమ్మట నొకటి చిమ్మవలెను. తొందరపడి యొక్కసారిగా దట్టముగా చిమ్మినచో రంగు కన్నీరువలె కారును.

నలుపు ఆరిన తరువాత అసలు పని మొదలగును. కుంచెను వెండిరంగులో ముంచి, గుడ్డపై తుడిచి, దాదాపు పొడిగా నున్న కుంచెతో అంచులపై తేలికగా లాగవలెను. అప్పుడు నలుపు అరిగి లోపలి యినుము బయటపడినట్లు తోచును. నా మనుమడు ఉత్సాహముచే నెల్లెడల గీతలు గీయబోయినాడు. నేను వారించితిని. నాగలి మేడి చేయి పట్టు చోటనే నునుపెక్కును. కఱ్ఱు నేలను తాకు కొననే తళుకెక్కును. తుపాకియు నంతే. పిడి, మీట, ఒరలో రాచుకొను గొట్టపు టంచు, ఇవియే యరుగవలసిన తావులు. ఇంతకాలము సేద్యము చూచిన నాకు ఆ యూరిలో ఉపయోగపడిన విద్య యిదొక్కటే! ఆపై నీటిలో పలుచగా కలిపిన ముదురు గోధుమరంగును సందులలోనికి పాఱించి, పైభాగమును వెంటనే తుడిచివేసిన, ఏండ్ల మట్టి పేరుకొన్నట్లుండును. చివరకు మెఱుపు లేని వార్నీషు పూయవలెను.

ఇట్లు మూడవనాటికి బొమ్మ బొమ్మవలె లేకపోయెను. గొట్టము కొన మాత్రము కాగితము చుట్టి యుంచుటచే నారింజరంగుననే యుండెను. "తాతయ్యా, ఇదొక్కటీ నల్లగా చేసేస్తే అచ్చం సినిమాలోదే" అని వాడు డబ్బా నందుకొన్నాడు.

అమెరికాలో 1988లో చేసిన శాసనము ననుసరించి బొమ్మ తుపాకులను నిజమైన వానినుండి వేఱుగా గుర్తించునట్లు తయారుచేయవలెను. గొట్టపు కొనను నారింజరంగు అట్టి గుర్తులలో ముఖ్యమైనది. నాటక చలనచిత్రములకు మినహాయింపునకు వీలున్నది. ఇంగ్లండులో 2006 నాటి శాసనము మఱింత కఠినము. బొమ్మను నిజమైన తుపాకి యని భ్రమ పుట్టునట్లు మార్చుటయే యచ్చట నేరము. 2014 నవంబరు 22న ఓహాయో రాష్ట్రములోని క్లీవ్‌లాండు నగరపు టుద్యానవనమున పండ్రెండేండ్ల బాలు డొకడు బొమ్మ తుపాకితో తిరుగుచుండెను. దాని నారింజ గుర్తు ఊడిపోయి యుండెను. అది బహుశః బొమ్మయే యని ఫోను చేసిన మనుష్యుడు చెప్పినను, ఆ మాట అచ్చటికి పోయిన పోలీసులకు అందలేదు. వారు అచ్చటికి చేరిన రెండు సెకనులలోపలనే కాల్పు జరిగెను. మఱునాడు బాలుడు మరణించెను.

ఈ వృత్తాంతమును వానికి చెప్పవలెనా మానవలెనా యని నేను చాలసేపు తటపటాయించితిని. తుదకు వాని తండ్రి నడిగి, వాని నెదుట కూర్చుండబెట్టుకొని చెప్పితిని. వాడు మాఱుమాట లేక డబ్బా క్రింద పెట్టెను. కాని వాని మొగము చిన్నబోయినది. మూడు దినముల శ్రమ చెడినదని వాని బాధ. నాలుగవనాడు వాడే వచ్చి, ఆ నారింజ కొనపైనను గోధుమరంగు మసిని కొంచెము అద్ది పాతదిగా చేయవచ్చునా యని యడిగినాడు. దూరమునుండి రంగు కనబడునంతవఱకే యని యొప్పుకొంటిని. వీథిలోనికి పోయి ఇరువది యడుగుల నుండి చూచితిమి. రంగు స్పష్టముగా కానవచ్చెను. అప్పుడు మరలు బిగించితిమి.