మీకు తెలుసా? బొంత గోడను చుట్టి చంకలో పెట్టుకోవచ్చు

బొంత అతుకుల్ని నేల మీద పరిచి చూస్తే అంచనా తప్పుతుంది. దగ్గరి ముక్క పెద్దగా, దూరపుది చిన్నగా కనిపిస్తుంది. పైగా ఫ్యాను గాలి, పిల్లల కాళ్లు! అందుకే క్విల్టింగ్ చేసేవాళ్లు ముక్కల్ని గోడకు తగిలించిన ఫ్లానెల్ బట్ట మీద పెట్టి చూసుకుంటారు; అదే బొంత గోడ. జిగురు అక్కర్లేదు. ఆ బట్ట నూగుకు నూలు ముక్క దానంతటదే పట్టుకుంటుంది. పట్టు, పాలియెస్టర్ చీర ముక్కలైతే జారతాయి, గుండుసూది తప్పదు.

నిజామాబాద్ జిల్లా మోర్తాడ్‌లో ఉన్నవాళ్లు దీనికోసం ఖరీదైన బోర్డు వెతకనక్కర్లేదు. మీటరున్నర తెల్ల ఫ్లానెల్ తీసుకుని, పై అంచూ కింది అంచూ మడిచి కుట్టి, వాటిలో సన్నటి పీవీసీ పైపులు దూర్చండి. తాడు కట్టి మేకుకు తగిలిస్తే సరి. ముక్కల మీద పాత చీర కప్పి చుట్టేస్తే, వరస చెదరకుండా ఆర్మూరు బస్సెక్కించొచ్చు. థర్మాకోల్ అట్ట తేలికే గానీ మూలలు విరిగి రాలుతుంది, నేనైతే కొనను.

రంగులు కుదిరాయో లేదో తేలకపోతే ఫోన్‌లో నలుపు తెలుపు ఫొటో తీయండి. ఎరుపూ ఆకుపచ్చా అందులో ఒకే బూడిదరంగుగా వస్తే, పక్కపక్కన పెట్టినప్పుడు దూరానికి డిజైను తేలదు.

కర్ణాటకలోని, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ మహిళలకు మాత్రం ఈ గోడతో పనేలేదు. కవంద్ బొంతను ఒక మూల మొదలుపెట్టి, అంచుల వెంట తిరుగుతూ, అతుకు మీద అతుకు కుడుతూ నడిమికి చేరుకుంటారు.