రాయిని సాకే ఓపిక



మేడ్చల్ నుండి శామీర్‌పేట వైపు ప్రయాణించినవారు ఆ గుండ్లను చూచే ఉంటారు. ఎవరో పేర్చినట్లు ఒకదానిమీద ఒకటి నిలిచి ఉంటాయి. మనకు రాయి అంటే పునాదికో, గోడకో, కంకరకో పనికివచ్చే వస్తువు. లేదా దున్నేటప్పుడు నాగలికి తగిలే అడ్డు. అటువంటి రాయిని ఇంటికి తెచ్చి, ఏళ్ళ తరబడి సాకే మనుష్యులు ఉన్నారంటే నమ్ముతారా?

జపాను దేశంలో ఉన్నారు. వాగులోనో కొండమీదనో దొరికిన చిన్నరాయిలో ఒక పర్వతాన్నో, జలపాతాన్నో, గుడిసెనో చూచుకొని, దానిని చెక్కపీట మీద నిలిపి ఆనందించే కళను వారు 'సూయిసెకి' అంటారు. 'సూయి' అంటే నీరు, 'సెకి' అంటే రాయి. ఈ అలవాటు చైనానుండి వారికి వచ్చింది. 14వ శతాబ్దంలో చక్రవర్తి గో-దైగో దగ్గర ఉండేదని చెప్పుకొనే ఒక రాయిని నగోయా పట్టణంలోని తొకుగావా మ్యూజియంలో నేటికీ భద్రపరచి ఉంచారు.

"రాయిని పీటమీద పెట్టి నీళ్ళు పోయడమేమిటి? ఇది పూజ కాదా?" అని మన పెద్దలు అడుగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఈ రాయికి మొక్కరు, దానిని ఏమీ కోరరు. గోడకు తగిలించిన కొండల పటాన్ని చూచినట్లే దీనిని చూస్తారు.

ఎంచుకొనుట

ఈ కళకు గట్టిగా, సన్నని రేణువుతో, ముదురు రంగులో ఉన్న రాయి మేలు. మన ప్రాంతపు గ్రానైటు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటిది. అయితే అది ముతక రేణువుల రాయి. నీరు లోపలికి దిగినకొద్దీ కొన్ని రేణువులు మట్టిగా మారి, రాయి పొడిపొడిగా రాలుతుంది. మనం రోడ్లకు పోసే మొరం అలా పుట్టినదే. మూలలు ముందుగా అరిగిపోతాయి గనుక గుండ్లు గుండ్రన అయ్యాయి. ఈ గ్రానైటును చీల్చుకొని అక్కడక్కడా డోలరైట్ అనే నల్లరాయి చారలుగా పోతుంది. సన్నని రేణువు గల ఆ గట్టిరాయి ముక్కలు ఈ పనికి అనువైనవి.

రెండు చేతులతో ఎత్తగలిగినంత రాయి చాలు. దొరికిన రూపమే దాని విలువ. ఉలి తగిలించకూడదు. సరిగా నిలవడానికి అడుగుభాగాన్ని కోసేవారున్నారు గాని, నియమం గలవారు దానిని ఒప్పుకోరు. ఇతరుల పొలంలోనిదైతే అడిగి తీసుకోవాలి. అడవినుండి, పురాతన కట్టడాల దగ్గరనుండి తేకూడదు.

కడుగుట

తెచ్చిన రాయిని కొన్ని రోజులు నీళ్ళతొట్టిలో నానవేయండి. మట్టి మెత్తబడిన తరువాత కొబ్బరిపీచుతో రుద్దండి. సందులలోని మట్టిని వెదురుపుల్లతో తీయండి. ఇనుపతీగల బ్రష్షు వాడితే గీతలు పడతాయి. అవి పోవడానికి ఏళ్ళు పడుతుంది.

కొందరు తొందరపడి ఆసిడ్ పోస్తారు. అది సున్నపురాయిని, చలువరాయిని కరిగించివేస్తుంది. చేతులను కాలుస్తుంది, దాని ఆవిరి ఊపిరికి ప్రమాదం. ఆసిడ్‌లో బ్లీచింగ్ పౌడర్ కలిస్తే విషవాయువు పుడుతుంది. పిల్లలున్న ఇంట్లో ఆ పని వద్దు.

సాకుట

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. జపానువారు దీనిని 'యోసెకి' అంటారు. రాయిని సాకడం అని అర్థం. కడిగిన రాయిని ఆరుబయట చెక్కబల్ల మీద ఉంచుతారు. ఎండా వానా దానిమీద పడనిస్తారు. తరచుగా నీళ్ళు చల్లుతారు. అన్ని వైపులకూ వెలుతురు తగిలేటట్లు అప్పుడప్పుడు తిప్పుతారు. చేతితో తడుముతారు. అలా ఐదేళ్ళు, పదేళ్ళు, ఒక్కొక్కప్పుడు తండ్రి తరువాత కొడుకు. క్రమంగా కొత్త రాతి పచ్చిదనం పోయి, రంగు లోతెక్కి, పైన నెమ్మదైన నిగారింపు వస్తుంది.

నూనె రాస్తే ఆ రోజే మెరుస్తుంది కదా అనవచ్చు. కాని నూనె రాతి సూక్ష్మ రంధ్రాలను మూసివేస్తుంది, దుమ్మును పట్టుకొంటుంది. ఇక నీరు లోపలికి దిగదు, రాయి ముదరదు.

ఇది మనకు తెలియని సంగతి కాదు. అమ్మమ్మ వాడిన సన్నెకల్లును తడిమి చూడండి. మధ్యభాగం ఎంత నునుపుగా ఉంటుందో! ఏ మిషనూ చేయలేదు. నలభై ఏళ్ళు రెండు చేతులు ఆడిన గుర్తు అది.

నిలుపుట

సాకిన రాయికి దాని అడుగు వంపులకు సరిపోయేటట్లు తొలిచిన చెక్కపీట చేస్తారు. దీనిని 'దైజా' అంటారు. మన వడ్రంగి టేకుముక్కతో చేయగలడు. లేదా లోతులేని వెడల్పాటి పళ్ళెంలో ఇసుక పోసి, అందులో నిలుపవచ్చు.

ఈ మాటలు ఇప్పుడెందుకంటే, హైదరాబాదు చుట్టూ పెరుగుతున్న ఇండ్ల కొరకు, కంకర కొరకు ఎన్నో గుట్టలు పగిలిపోయాయి. మిగిలినవాటిని కాపాడుటకు 1996లో 'సొసైటీ టు సేవ్ రాక్స్' అనే సంఘం నగరంలో ఏర్పడింది. ఇల్లు కట్టాలంటే రాయి కావాలి, నిజమే. కాని కోట్ల ఏళ్ళు ఎండకు వానకు ముదిరిన గుండును ఒక్క మందుపేలుడుతో పగులగొడితే మళ్ళీ చేయగలవారు లేరు. రాయిని పదేళ్ళు సాకినవారికి ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు.

యొర్దాను నదినుండి ఎత్తిన పన్నెండు రాళ్ళను, పిల్లలు చూచి అడుగుట కొరకే నిలిపారని యెహోషువ గ్రంథంలో చదువుకొన్నాము. ఈ వానాకాలం మీ చేనుగట్టున ఒక నల్లరాయిని వెదకి, పిల్లల చేతనే కడిగించి, అరుగుమీద పెట్టండి. ఎక్కడిది, ఏనాటిది అని వారు తప్పక అడుగుతారు. ఆ సాయంత్రమే వారిని వెంటబెట్టుకొని వెళ్ళి, ఊరి గుట్టను చూపించండి.