హెచ్.ఐ.వి. సోకిన పురుషుడు - సంతానయోగ్యత

భర్తకు హెచ్.ఐ.వి. ఉన్నదని తెలిసిన దినముతోనే చాల ఇండ్లలో పిల్లల ప్రసక్తి ఆగిపోవుచున్నది. వంశము ఇంతటితో సరియని పెద్దలు నిట్టూర్తురు. వైద్యుని అడుగుటకు భార్యకు బిడియము, భర్తకు సిగ్గు. ఈ మౌనము వెనుక రెండు భయములు కలవు. ఆ పురుషునకు బిడ్డలు కలుగరనునది ఒకటి. కలిగినను తండ్రి వ్యాధితోడనే పుట్టుదురనునది రెండవది. మొదటిదానిలో కొంత నిజమున్నది. రెండవది అపోహ.

వీర్యమనగా వీర్యకణములు మాత్రమే కాదు. ఆ కణములు ఈదులాడు ద్రవమొకటి, అందుండు తెల్లకణములు మరియొకటి. హెచ్.ఐ.వి. క్రిమి ముఖ్యముగా ఈ ద్రవమునందును తెల్లకణములయందును ఉండును. అండమును చేరెడు వీర్యకణము దానికి చెప్పుకోదగిన వాహనము కాదు. కావున వ్యాధి తండ్రినుండి నేరుగా బిడ్డకు రాదు. తల్లికి సోకినచో ఆమెనుండి గర్భమునందో, ప్రసవ సమయమునందో, చనుబాల వలననో రావచ్చును. తల్లిని కాపాడిన బిడ్డను కాపాడినట్లే.

ఈ భేదమును ఆధారము చేసికొనియే ఇటలీలోని మిలాన్ నగరమున సెంప్రీనీ అను వైద్యుడు, ఆయన సహచరులు వీర్యమును కడుగు పద్ధతిని అనుసరించి, 1992లో తమ ఫలితములను ప్రకటించిరి. వీర్యమును యంత్రములో వేగముగా త్రిప్పి, ద్రవమును తొలగించి, చురుకైన కణములను వేరుచేసి, వానినే భార్య గర్భాశయమున ప్రవేశపెట్టుదురు. మజ్జిగ చిలికి వెన్నను వేరుచేయు ఇల్లాండ్రకు ఈ ఊహ మరీ క్రొత్త గాదు.

ఇక మొదటి భయము. వ్యాధి ముదరని పురుషుల వీర్యము తరచుగా సామాన్యముగానే ఉండును. రోగనిరోధక శక్తి క్షీణించిన కొలదిని కణముల సంఖ్యయు, చలనమును తగ్గును. మందులు వాడువారిలో వీర్య పరిమాణమును, కణముల చలనమును కొంత తగ్గినట్లు కొన్ని పరిశోధనలలో కనబడినది. ఎఫావిరెంజ్ అను పాత మందు విషయమున ఇది ప్రత్యేకముగా గమనింపబడినది. అంతమాత్రమున మందు మానుట ప్రమాదకరము. మానిన కొన్ని వారములలోనే క్రిమి మరల విజృంభించి, భార్యకు సోకు ప్రమాదమేర్పడును. నీరసము పోవుటకై కొందరు టెస్టోస్టిరాన్ ఇంజక్షనులు తీసికొందురు. మగతనమును పెంచునని పేరుగన్న ఆ మందే వీర్యకణముల ఉత్పత్తిని అణచివేయుట విచిత్రమైనను సత్యము.

మందు మానక పిల్లలను కనుటెట్లు? చికిత్సయే దానికి సమాధానము. చెన్నై, పుణె నగరములతో సహా తొమ్మిది దేశములలో 1,763 జంటలపై జరిగిన పరిశోధనలో, త్వరగా చికిత్స ప్రారంభించుట వలన భాగస్వామికి వ్యాధి సోకుట నూటికి 96 వంతులు తగ్గినదని 2011లో తేలినది. 2016లో వెలువడిన ఐరోపా పరిశోధనలో, వైరసు అణగియున్న భాగస్వామినుండి తొడుగు లేని సుమారు 58,000 కలయికలలో ఒక్కసారియు వ్యాధి సోకలేదు. రక్తములో వైరసు పరీక్షకు అందనంతగా తగ్గి, ఆరు నెలలు అట్లే నిలిచిన పిమ్మట, వైద్యుని సలహాపై దంపతులు సహజముగనే బిడ్డను కోరవచ్చును. వీర్యమును కడుగు అవసరము నేడు అరుదు. మన దేశమున ఈ మందులు 2004 నుండి ప్రభుత్వ కేంద్రములలో ఉచితముగా లభించుచున్నవి. 2017 నుండి వ్యాధి ఏ దశలోనున్నను ఇచ్చుచున్నారు.

ఏడాది గడచినను గర్భము నిలువనిచో ఇరువురును పరీక్ష చేయించుకొనవలెను. భార్యను మాత్రమే పంపుట తగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించిన కనీస ప్రమాణము మిల్లీలీటరునకు 1 కోటి 60 లక్షల కణములు, అన్నిటిలో నూటికి 42 కదలునవి. ఏడాదిలోపల భార్య గర్భము ధరించిన పురుషులలో సైతము నూటికి ఐదుగురి లెక్క ఇంతకంటె తక్కువ; కావున అంకె చూచి నిరాశపడ పనిలేదు. వీర్యకణము తయారగుటకు రెండున్నర నెలలు పట్టును. ఇటీవల జ్వరము వచ్చి తగ్గియున్నచో ఆ సంగతి వైద్యునకు చెప్పి, మూడు నెలల పిమ్మట మరల పరీక్షింపించుకొనవలెను.