నిద్రపోని కావలివాడు

వానాకాలపు రాత్రి. జోరున వాన కురుస్తున్నది. ఇంటి పెంకుల మీద ఆ చప్పుడు ఎంత పెద్దదంటే, పక్కన కూర్చున్నవాళ్ళు మాట్లాడినా సరిగా వినిపించదు. అయినా మీరు దుప్పటి ముసుగుపెట్టి, ఆ చప్పుడు వింటూ వింటూ ఎప్పుడు నిద్రపోయారో మీకే తెలియదు.

ఇంకొక రాత్రి. వాన లేదు, గాలి లేదు. ఊరంతా మాటుమణిగింది. పెరట్లో కొళాయిని ఎవరో సరిగా బిగించలేదు. కింద ఉన్న బకెట్టులో "టప్"మని ఒక చుక్క పడింది. కాసేపటికి ఇంకొకటి. మీరు ఇటు దొర్లుతారు, అటు దొర్లుతారు. చివరకు లేచివెళ్ళి ఆ కొళాయి కట్టి వస్తేగాని నిద్రపట్టదు.

చూశారా వింత! వాన చప్పుడు పెద్దది, కాని అది జోకొట్టింది. చుక్క చప్పుడు చిన్నది, కాని అది నిద్ర చెడగొట్టింది. రెండూ నీటి చప్పుళ్ళే గదా, మరి ఈ తేడా ఎందుకు?

ఇది తెలియాలంటే ముందు మన చెవి సంగతి కొంచెం తెలుసుకోవాలి. కంటికి రెప్ప ఉన్నది. చూడవద్దనుకుంటే మూసుకుంటాం. చెవికి రెప్ప లేదు. రాత్రి, పగలు అది తెరుచుకునే ఉంటుంది. గాలిలో వచ్చే శబ్ద తరంగాలు చెవి లోపలి పలచని పొరను కదిలిస్తాయి. దాని వెనక మూడు చిన్న ఎముకలున్నాయి. ఒకటి సుత్తి ఆకారంలోను, ఒకటి దాగలి ఆకారంలోను, ఒకటి గుర్రపు రికాబు ఆకారంలోను ఉంటాయి. రికాబు ఎముక పొడుగు సుమారు 3 మిల్లీమీటర్లే. మన ఒంట్లోని ఎముకలన్నిటిలోనూ అదే చిన్నది. ఈ మూడూ ఆ కదలికను లోపల ఉన్న నత్తగుల్ల వంటి భాగానికి అందిస్తాయి. అక్కడి నుంచి నరాల ద్వారా ఆ వార్త మెదడుకు చేరుతుంది.

మనం నిద్రపోతున్నప్పుడు కూడా ఈ పని ఆగదు. 1960లో ఇంగ్లండులో ముగ్గురు శాస్త్రజ్ఞులు ఒక పరీక్ష చేశారు. నిద్రపోతున్నవారి దగ్గర చాలా పేర్లను వరసగా వినిపించారు. ఇతరుల పేర్లు వినిపించినప్పటికన్న, తమ పేరు వినిపించినప్పుడు వారి మెదడులో ఎక్కువ కదలిక కనిపించింది. అంటే, మనిషి నిద్రపోతున్నా చెవి అనే కావలివాడు గుమ్మం దగ్గర కూర్చునే ఉన్నాడన్నమాట. వచ్చిన ప్రతి చప్పుడునూ, "ఎవరది? మనవాళ్ళా, పైవాళ్ళా?" అని అడుగుతూనే ఉంటాడు. ఉరుము ఉరిమినా లేవని తల్లి, పక్కన పసిపాప కాస్త కదిలితే చటుక్కున లేచి కూర్చోవటం మీరు చూసే ఉంటారు.

ఇప్పుడు వాన సంగతి చూద్దాం. కప్పు మీద వేలకొద్దీ చుక్కలు ఒకదాని వెంట ఒకటి పడుతుంటాయి. ఏ ఒక్క చుక్కా విడిగా వినిపించదు. అన్నీ కలిసి ఒకే హోరు. ఆ హోరు కొంతసేపు మారకుండా ఉంటే, "ఇందులో కొత్త సంగతేమీ లేదు" అని కావలివాడు ఊరుకుంటాడు. పైగా దూరాన మొరిగే కుక్క, వీధిలో పోయే బండి, తలుపు కిర్రుమనటం, ఇవన్నీ ఆ హోరులో మునిగిపోతాయి. కావలివాడిని పిలిచేవాళ్ళే ఉండరు.

కొళాయి చుక్క అటువంటిది కాదు. అది నిశ్శబ్దంలో ఒంటరిగా పడుతుంది. పడిన ప్రతిసారీ అది ఒక కొత్త వార్తే. రెండు చుక్కల మధ్య, "ఇంకొకటి ఎప్పుడు పడుతుందా?" అని మనం ఎదురుచూస్తాం. నిద్ర చెడగొట్టేది చుక్క ఒక్కటే కాదు, ఆ ఎదురుచూపు కూడా.

ఇందుకు మీ ఇంట్లోనే మరొక నిదర్శనం ఉన్నది. ఫాను రాత్రంతా గిరగిరమని తిరుగుతుంటే ఎవరూ లేవరు. కరెంటు పోయి అది ఆగిపోతే, చలికాలంలో కూడా ఒక్కొక్కసారి మెలకువ వస్తుంది! మారనిది జోకొడుతుంది, మారినది లేపుతుంది.

పసిపిల్లల విషయంలోనూ ఇది నిజమేనా? 1990లో కొందరు వైద్యులు అప్పుడే పుట్టిన 40 మంది శిశువులను రెండు జట్లుగా చేసి చూశారు. ఒక జట్టులోని 20 మందికి వాన హోరు వంటి, ఎగుడుదిగుళ్ళు లేని చప్పుడు వినిపించారు. అయిదు నిమిషాలలో వారిలో 16 మంది నిద్రపోయారు. ఏ చప్పుడూ వినిపించని జట్టులో నిద్రపోయినవారు 5 గురే.

ఈ సంగతి విని పెద్దలు తొందరపడకూడదు. పిల్లలను నిద్రపుచ్చేందుకు ఇటువంటి హోరు వినిపించే యంత్రాలు బజారులో అమ్ముతున్నారు. 2014లో అటువంటి 14 యంత్రాలను పరీక్షించగా, పూర్తి జోరు మీద పెట్టి 30 సెంటీమీటర్ల దూరం నుంచి కొలిచినప్పుడు, మూడు యంత్రాల చప్పుడు 85 డెసిబెల్స్‌ను మించింది. పసి చెవులకు అది మంచిది కాదు. అటువంటిది వాడవలసివస్తే, ఉయ్యాలకు దూరంగా, మెల్లగా, కొద్దిసేపు మాత్రమే వాడాలి.

యంత్రాలు లేని కాలం నుంచీ తల్లులు వాడుతున్న మందు ఒకటున్నది. అదే జోలపాట. పదిహేనో శతాబ్దపు వాడైన అన్నమాచార్యులు కూడా జోలలు రాశాడు. జోలపాట ఏ ఇంట విన్నా దాని నడక నిదానమే. అన్నమాటే మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఉయ్యాల ఊపుతో కలిసి సాగుతుంది. తరవాత ఏం రాబోతున్నదో పాపకు ముందే తెలుసు. ఎదురుచూపు లేదు, భయమూ లేదు.

అంతేకాదు. ఆ గొంతు పాపకు పుట్టకముందే పరిచయం. 1980లో అమెరికాలో ఇద్దరు శాస్త్రజ్ఞులు, పుట్టి మూడురోజులైనా నిండని 10 మంది శిశువుల నోట రబ్బరు పీకలు పెట్టారు. పాప ఒక తీరున చప్పరిస్తే తల్లి గొంతు వినపడుతుంది, మరొక తీరున చప్పరిస్తే వేరొక స్త్రీ గొంతు వినపడుతుంది. ఆ పసివాళ్ళలో ఎక్కువమంది తల్లి గొంతు వినిపించే తీరునే చప్పరించారు! కడుపులో ఉన్నప్పుడే విన్న గొంతు అది. కావలివాడికి మొట్టమొదట తెలిసిన "మనవాళ్ళు" వాళ్ళే.

లెక్కలంటే భయపడేవారు మీలో ఉంటే, ఈ సంగతి కూడా వినండి. 2010లో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులు 40 మందికి చిక్కు లెక్కలు ఇచ్చి కంగారుపెట్టారు. తరవాత వారికి కొంతసేపు పక్షుల కూతలు, జలయంత్రం చప్పుడు వినిపించారు, కొంతసేపు రోడ్డు మీది వాహనాల రొద వినిపించారు. కంగారుపడినప్పుడు చర్మానికి చెమ్మ పడుతుంది. దానిని కొలిచి చూస్తే, రొద విన్నప్పటికన్న పక్షులను, నీటిని విన్నప్పుడు కంగారు త్వరగా తగ్గింది.

నీరు ఇంత హాయిగా ఎట్లా పాడుతుంది? పాడేది నిజానికి నీరు కాదు, అందులో చిక్కిన గాలి. 1933లో హాలండులో మార్సెల్ మిన్నార్ట్ అనే శాస్త్రజ్ఞుడు, నీటిలోని బుడగలు గంటలలాగా మోగుతాయని లెక్కకట్టి చెప్పాడు. 2 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న బుడగ సెకనుకు 3,000 సార్లకు పైగా కంపిస్తుంది. బుడగ పెద్దదైనకొద్దీ స్వరం తగ్గుతుంది. సెలయేటిలో చిన్నా పెద్దా బుడగలు లెక్కలేనన్ని ఉంటాయి. అందుకే దానికి అన్ని గొంతులు! మన కొళాయి చుక్క రహస్యం కూడా ఇదేనని 2018లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వారు అతివేగంగా ఫోటోలు తీసే కెమెరాతో కనిపెట్టారు. చుక్క నీటిని తాకినప్పుడు చప్పుడే రాదు. చుక్క చేసిన గుంట కింద ఒక చిన్న బుడగ చిక్కుతుంది. ఆ బుడగ కంపించినప్పుడే "టప్"మంటుంది.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. బకెట్టులో నీళ్ళు పోసి, పైనుంచి కొళాయి చుక్కలను పడనివ్వండి. "టప్, టప్" విన్నారా? ఇప్పుడు ఆ నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు ద్రావకం కొద్దిగా కలపండి. సబ్బు నీటి పైపొర బిగువును తగ్గిస్తుంది. అందుచేత బుడగ చిక్కదు, చప్పుడు చాలావరకు మాయమవుతుంది. అయితే సబ్బు చూసి కొళాయి కట్టటం మానకండి, నీళ్ళు వృథా!

ఇంకొక్క మాట. ఒకరికి హాయినిచ్చే చప్పుడు అందరికీ హాయినివ్వదు. 1977 నవంబరు 19న కృష్ణాజిల్లా దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. 10,000 మందికి పైగా చనిపోయారు. అటువంటి రాత్రి గడిపిన మనిషికి గాలిహోరు, కెరటాల చప్పుడు జోలపాటలాగా వినిపిస్తాయా? కప్పు కారే ఇంట్లో, ఏ గిన్నె ఎక్కడ పెట్టాలా అని లేచి కూర్చున్న తల్లికి వాన చప్పుడు హాయిగా ఉంటుందా? హాయి చప్పుడులో మాత్రమే లేదు. "ఇక్కడ నాకు భయం లేదు" అన్న ధైర్యంలో ఉన్నది.

ఆ ధైర్యం ఒకరికొకరం ఇచ్చుకోవలసినది. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం, ఇళ్ళున్నచోట రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల దాకా చప్పుడు 45 డెసిబెల్స్ దాటకూడదు. మనం మామూలుగా మాట్లాడుకునే మాటే సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. చట్టం సరే, గోడ అవతల జ్వరంతో పడుకున్న తాతగారు ఉండవచ్చు, తెల్లవారితే పరీక్ష రాయవలసిన పిల్ల ఉండవచ్చు. వారి కావలివాడిని ఊరికే లేపకపోవటం మన చేతిలో ఉన్నది.

ఈ రాత్రి పక్క మీద పడుకున్నాక, కళ్ళు మూసుకుని అయిదు చప్పుళ్ళు లెక్కపెట్టండి. ఫాను ఒకటి. కీచురాయి ఒకటి. వంటింట్లో అమ్మ గిన్నెలు సర్దే చప్పుడు ఒకటి. మిగిలిన రెండూ ఏమిటో మాత్రం రేపు ఉదయం మీరే చెప్పాలి. అయిదు దాకా లెక్కపెట్టగలిగితే సరి! చాలామంది మూడు దగ్గరే నిద్రపోతారు.