అటెస్టేషన్ ఫారం నింపేటప్పుడు



పిల్లవాడికి సర్కారు ఉద్యోగం వచ్చిందంటే ఇంట్లో పండగే కదా! ఆ సంబరంలో అటెస్టేషన్ ఫారాన్ని ఎవరూ సరిగ్గా చదవరు. మన భద్రాచలం దగ్గర అశ్వాపురంలో అణుశక్తి శాఖవారి మణుగూరు భారజల కర్మాగారం ఉంది. అలాంటి చోటికి వెళ్ళేవాళ్ళ గురించి పోలీసు విచారణ జరుగుతుంది. ఆ విచారణకు ఆధారం ఈ ఫారమే.

అయిదేళ్ళలో ఏడాదికి మించి ఎక్కడెక్కడ ఉన్నారు, ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసు నడిచిందా, జరిమానా పడిందా, బైండోవర్ చేశారా అని అందులో అడుగుతారు. నిజం దాస్తే అనర్హులవుతారని పైనే అచ్చువేసి ఉంటుంది. సరిగ్గా అక్కడే మనం అడ్డుపడతాం. "ఆ ఫారెస్టు కేసు ఎప్పుడో కొట్టేశారు కదరా, ఇప్పుడు రాయడమెందుకు?" అంటాం. అడవి అంచు ఊళ్ళలో కట్టెల దగ్గరా, పోడు దగ్గరా కేసు పడటం వింతేమీ కాదు. రాస్తే ఉద్యోగం పోతుందేమోనని భయం. స్టేషన్ రికార్డులో అది ఎలాగూ ఉంటుందన్న మాట మాత్రం మరిచిపోతాం.

2016లో సుప్రీంకోర్టు ఈ విషయమై వివరంగా తీర్పు చెప్పింది. చిన్న కేసైతే, దాచినా సరే, అధికారి తన విచక్షణతో మన్నించవచ్చు. గట్టి కేసైతే దాచినందుకే ఉద్యోగం పోవచ్చు. నిజం రాసినంతమాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలనీ లేదు, అది కూడా తెలిసి ఉండాలి.

అడగనిది రాయకపోతే దాచినట్టా? కాదు. మన ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ అభ్యర్థి ఒకరి కేసులో 2005లోనే సుప్రీంకోర్టు ఆ మాట తేల్చింది. శిక్ష పడిందా, ముందస్తు నిర్బంధంలో ఉన్నారా అనే ఫారంలో అడిగారు. నడుస్తున్న కేసు సంగతి అడగలేదు. కాబట్టి అతను దాచినట్టు కాదన్నారు. అందుకే ఒక్కో గడినీ అక్షరం అక్షరం చదవాలి. ఇంగ్లీషు రాకపోతే తెలిసినవాళ్ళచేత చదివించుకోవడంలో నామోషీ ఏముంది?

చిరునామా దగ్గరా చిక్కే. కూనవరం, చింతూరు 2014 దాకా ఖమ్మం జిల్లా. తరవాత తూర్పుగోదావరి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. పాత జిల్లా పేరు రాస్తే కాగితాలు వేరే చోటికి పోతాయి. ఇప్పటి జిల్లా, పోలీసు స్టేషన్ రాయండి.

ఇక అప్పుల మాట. ఈ ఫారం అప్పుల గురించి అడగదు. కానీ ఉద్యోగంలో చేరాక 1964 నాటి కేంద్ర ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది. అలవాటుగా అప్పులపాలు కాకూడదు. బాకీ కోసం కోర్టులో దావా పడితే వెంటనే పైవాళ్ళకు తెలపాలి. పెళ్ళికో, ఇంటికో చేసిన అప్పు నేరం కాదమ్మా. పీకలదాకా మునిగినవాణ్ణి డబ్బు ఆశ చూపి రహస్యం అడిగేవాళ్ళుంటారనే ఈ జాగ్రత్త. అమెరికాలో రక్షణ రహస్యాలు చూసే ఉద్యోగాలకైతే బాకీల సంగతి ఫారంలోనే అడుగుతారు. జబ్బు వల్లో, ఉద్యోగం పోయో అప్పుపడి, తీర్చే ప్రయత్నంలో ఉన్నవారిని అర్థం చేసుకుంటారు, దాచినవారితోనే పేచీ.

కొట్టేసిన కేసుంటే తీర్పు నకలు కోర్టునుంచి ముందే తెప్పించుకోండి. నింపిన ఫారం జిరాక్సు ఒకటి బీరువాలో దాచండి. రేపు మరో ఫారం నింపాల్సివస్తే రెండూ పోల్చి చూసుకోవచ్చు.