కంప్యూటరు తెర మసకబారినచో: కొత్తది కొనుటకు ముందు చూడవలసినవి

గ్రామ పరిపాలనలో కంప్యూటరు నేడు కాగితము, కలముల వలెనే నిత్యావసరమైన పనిముట్టు అయినది. ఇంటిపన్ను లెక్కలు, జనన మరణముల నమోదు, తీర్మానముల ప్రతులు మున్నగువానిలో అధికభాగము ఆ తెరమీదనే వ్రాయబడుచున్నవి. ఆ తెరమీదనే చదువబడుచున్నవి. 2020 ఏప్రిల్ 24వ తేదీన ప్రారంభమైన ఇ-గ్రామస్వరాజ్ ద్వారా పంచాయతీల ప్రణాళికలును, జమాఖర్చులును ఇట్లే నమోదగుచున్నవి. కావున తెర మసకబారినచో కలుగు నష్టము కార్యదర్శి కన్నులకు మాత్రమే పరిమితము కాదు.

మన లిపిలో ద, ధ, థ అను అక్షరములకు గల భేదము ఒక చిన్న గీత, ఒక చుక్క మాత్రమే. అంకెలలో 3కును 8కిని, 5కును 6కును గల భేదమును స్వల్పమే. అలుకుకొనిపోయిన తెరపై ఈ గుర్తులు కలిసిపోవును. జనన ధ్రువపత్రములో ఒక అక్షరము మారినచో, బిడ్డను బడిలో చేర్చునాడు ఆ తండ్రి పని మానుకొని కార్యాలయముల చుట్టు తిరుగవలసివచ్చును. పన్ను లెక్కలో ఒక అంకె మారినచో, చెల్లించినవాడే బాకీదారుగా కనబడును.

ఇట్టి స్థితిలో "మానిటరు చెడిపోయినది, కొత్తది కొనవలెను" అను ప్రతిపాదన సమావేశము ముందుకు వచ్చుట సహజము. బావినీరు కలకబారినంతనే మనము కొత్త బావి త్రవ్వుదుమా? మానిటరు విషయములోను అంతే. మసకకు కారణము తరచుగా ఖర్చులేక సరిచేయదగినదై యుండును. సభ్యులు అంగీకారము తెలుపుటకు ముందు అడిగి తెలిసికొనవలసిన సంగతులను ఇచట వివరించుచున్నాము.

మసక ఎక్కడ ఉన్నది?

మొదట, ఆ తెరను ఇద్దరు ముగ్గురు చూడవలెను. ఒకరికి మసకగాను, తక్కినవారికి స్పష్టముగాను కనబడినచో లోపము యంత్రములో లేదు. ఆ ఒకరు కంటి పరీక్ష చేయించుకొనవలెను. నలువది యేండ్లు దాటినవారికి దగ్గరి చూపు తగ్గుట సామాన్యము.

ఒక్క పత్రము మాత్రమే మసకగానుండి, తక్కినవన్నియు స్పష్టముగా నున్నచో, ఆ పత్రమును స్కాను చేయుటలో లోపమున్నది. దానిని 300 డి.పి.ఐ. వద్ద మరల స్కాను చేసిన చాలును.

అన్నియు మసకగా నున్నచో మానిటరు చట్రమునకు గల మెనూ బొత్తమును నొక్కవలెను. అపుడు తెరపై కనబడు చిన్న పట్టిక కంప్యూటరు పంపినది కాదు. మానిటరే స్వయముగా చూపునది. ఆ పట్టికలోని అక్షరములు స్పష్టముగా నున్నచో మానిటరు బాగుగనే యున్నదని చాలవరకు నమ్మవచ్చును. లోపము అమరికలోనో, కేబులులోనో వెదకవలెను.

అమరికను సరిచేయుట

కంప్యూటరు తెర సూక్ష్మమైన చుక్కల కూర్పు. 1920 × 1080 తెరయందు 20,73,600 చుక్కలు గలవు. ఈ సంఖ్య తయారీనాడే నిర్ణయమైనది, తరువాత మారదు. కంప్యూటరు 1366 × 768 లెక్కన బొమ్మను పంపినచో దానిలోని చుక్కలు 10,49,088 మాత్రమే. వానిని ఇరువది లక్షల చుక్కలపై పరచవలసివచ్చుటచే అక్షరముల అంచులు అలుకుకొనిపోవును.

ఈ లెక్క ఎట్లు మారును? పెక్కుసార్లు అక్షరములు చిన్నవిగా నున్నవని ఎవరో ఒకరు రిజల్యూషను తగ్గించియుందురు. అక్షరములు పెద్దవి యగును గాని స్పష్టత పోవును. దీనికి సరియైన మార్గము వేరు. విండోస్ తెరపై ఖాళీచోట మౌసు కుడి బొత్తము నొక్కి, 'డిస్‌ప్లే సెట్టింగ్స్' తెరచి, రిజల్యూషను పట్టికలో 'రికమెండెడ్' అని గుర్తున్న దానిని ఎన్నుకొనవలెను. పిదప అక్షరములను పెంచుటకు అచటనే గల 'స్కేల్' అను దానిని 125 గాని 150 గాని శాతమునకు మార్చవలెను. అప్పుడు అక్షరము పెద్దదియు, స్పష్టమైనదియు నగును. అంచులు ఇంకను గరుకుగా తోచినచో 'క్లియర్‌టైప్' అను అమరికను తెరచి, అది చూపు నమూనాలలో కంటికి ఇంపైన దానిని ఎన్నుకొనవచ్చును.

విండోస్‌ను కొత్తగా ఎక్కించిన పిమ్మట సరియైన రిజల్యూషను పట్టికలోనే కనబడకపోవచ్చును. అట్లయినచో డిస్‌ప్లే డ్రైవరు అను సాఫ్ట్‌వేరును ఎక్కించవలసియుండును. ఇది కంప్యూటరు తెలిసినవారు చేయదగిన పని.

కేబులు, దుమ్ము

నీలిరంగు కొనయు, 15 సూదులును గల వి.జి.ఏ. కేబులు పాత కార్యాలయములలో ఇంకను కానవచ్చును. అది వదులైనను, సూది వంగినను అక్షరములకు నీడలు పడును, రంగులు మారును. యంత్రమును ఆపి, కేబులును సరిగా చొప్పించి, ఇరుప్రక్కల మరలను బిగించవలెను. పిదప మానిటరు మెనూలోని 'ఆటో అడ్జస్ట్'ను నొక్కవలెను. కంప్యూటరునకును మానిటరునకును హెచ్.డి.ఎం.ఐ. రంధ్రములున్నచో ఆ కేబులునే వాడుట మేలు.

తెరపై దుమ్ము, వ్రేలిముద్రలు చేరినను మసకగానే తోచును. విద్యుత్తు ఆపి, మెత్తని గుడ్డను కొద్దిగా తడిపి తుడువవలెను. తెరపై నీరు చల్లరాదు, గట్టిగా ఒత్తరాదు.

కొనుట ఎప్పుడు?

ఇవన్నియు చేసిన పిమ్మట ఆ మానిటరును మరియొక కంప్యూటరునకు, మరియొక కేబులుతో తగిలించి చూడవలెను. అచటను మసకగానే యున్నచో, లేక చెరగని గీతలు, నల్లని మరకలు కనబడినచో అప్పుడు కొత్తది కొనుట న్యాయము.

కార్యాలయములో ఈ పరీక్షలు ఒక్క పూటలో ముగియును. ఏయే పరీక్షలు జరిగినవో ప్రతిపాదనతోపాటు వ్రాసియుంచుమని సభ్యులు కోరవలెను. మసక తొలగువరకు నమోదు చేసిన పేర్లను, అంకెలను కాగితముపై ముద్రించి, సంబంధించినవారికి చదివి వినిపించి సరిచూచుట మరువరాదు. మానిటరును ఎప్పుడైనను మార్చుకొనవచ్చును. దస్తావేజులో తప్పుపడిన పేరును సరిచేయించుకొను శ్రమ మాత్రము ఆ పేరుగలవానిపైననే పడును.