సిపాయి బొమ్మ - అతుకు, రంగు

1758వ సంవత్సరము డిసెంబరు మాసమున, నేటి కాకినాడ జిల్లాలోని చందుర్తి వద్ద ఫ్రెంచివారికిని ఇంగ్లీషువారికిని యుద్ధము జరిగెను. ఇంగ్లీషు సేనాని కర్నల్ ఫోర్డు తన దేశీయ సిపాయిలకు ఎఱ్ఱకోటులు తొడిగించియుండెను. ఐరోపా సైనికులు ఎత్తుగా పెరిగిన పైరు చాటున నుండిరి. ఫ్రెంచివారు ఎఱ్ఱకోటులను చూచి, సిపాయిలనే అసలు ఇంగ్లీషు పటాలమని భ్రమించి వారిపైకి దూకిరి. సిపాయిలను తరుముచు వరుస చెదరిన ఫ్రెంచివారిని పైరు చాటుననున్న పటాలము ప్రక్కనుండి కొట్టినది. ఆ ఓటమితో ఉత్తర సర్కారులలో ఫ్రెంచివారి పలుకుబడి సడలిపోయెను. ఒక కోటు రంగు ఇంత పని చేసినది.

బల్లపై చిన్న సిపాయి బొమ్మలను పేర్చి పాత యుద్ధములను మరల నడిపించు ఆట ఒకటి కలదు. 1824లో ప్రష్యా సైన్యములో ఇట్టి యుద్ధపు ఆటను అధికారుల శిక్షణకై వాడిరి. 1913లో హెచ్.జి.వెల్స్ 'లిటిల్ వార్స్' అను పుస్తకము వ్రాసి దానిని ఇంటింటి వినోదముగా మార్చెను. ఈ ఆటగాండ్రకు మిక్కిలి ప్రీతియైనవి నెపోలియను కాలపు యుద్ధములు. మొదట బొమ్మలను సీసపు మిశ్రమలోహముతో పోత పోసెడివారు. సీసము విషము. బ్రిటనులో పిల్లల ఆటకై చేయు సీసపు బొమ్మల తయారీ 1966 నాటికి ఇంచుమించు ఆగిపోయినది. అప్పటికే ఆ స్థానమును ప్లాస్టికు ఆక్రమించుచుండెను.

ప్లాస్టికు సిపాయి పెట్టెలోనుండి పూర్తి మనిషిగా రాడు. తల, చేతులు, తుపాకి, వీపున మూట వేర్వేరుగా ఒక చట్రమునకు అంటుకొని యుండును. ఇది ఎందులకు? కరిగించిన పాలిస్టైరీనును ఉక్కు అచ్చులోనికి ఒత్తిడితో ఎక్కింతురు. అచ్చు రెండు చెక్కలుగా విడిపోవలెను గదా! రొమ్మునకు అడ్డముగా తుపాకి పట్టిన చేయి ఉన్నచో, ఆ సందులోనికి పోయిన ఉక్కు బయటికి రాదు. కావున చేతిని వేరుగా పోయుట తప్పదు.

అమరావతికి కృష్ణ ఆవలి గట్టునగల కొండపల్లిలోను బొమ్మ చేతులను వేరుగానే చెక్కుదురు. అక్కడ కారణము వేరు. తెల్ల పొణికి కఱ్ఱ మిక్కిలి తేలిక, మెత్తన. పోగు నిలువుగానున్న ముక్కలో చేతిని అడ్డముగా చెక్కినచో అది పుటుక్కున విరుగును. విడిగా చెక్కినచో పోగును చేతి పొడవునకే మలచుకొనవచ్చును.

ఇక అతుకు సంగతి. కొండపల్లివారు చింతగింజల పిండిని, రంపపు పొట్టును కలిపి 'మక్కు' అను ముద్దను చేయుదురు. చింతగింజలలో గ్లూకోజు, క్సైలోజు, గాలక్టోజు అణువులు గొలుసుగా కట్టుకొనిన పిండిపదార్థము కలదు. తడిగానున్నపుడు ఈ గొలుసులు కఱ్ఱ రంధ్రములలోనికి దూరి, కఱ్ఱలోని సెల్యులోజును గట్టిగా పట్టుకొనును. నీరు ఆరినకొలది పట్టు బిగియును. పొట్టు కలుపకున్నచో ఆరినపుడు జిగురు ముడుచుకొని బీటలు వారును. పైగా మక్కు కూడ ఇంచుమించు కఱ్ఱయే, కనుక అతుకు పైని ఆకుఱాయి సాఫీగా నడచును.

పాలిస్టైరీనునకు నీరు అంటదు. మక్కు దానిపై నిలువదు. అచట జిగురుకు బదులు బ్యుటనోను వంటి ద్రావణిని వాడుదురు. రెండు ముక్కల అంచులను అది కరిగించును. ఇరువైపులనున్న పొడుగు అణువులు ఒకదానిలో నొకటి చిక్కుపడును. ద్రావణి ఆవిరియైపోయిన పిమ్మట మిగులునది జిగురు కాదు, ఒకే ప్లాస్టికు. దీనిని అతుకుట అనుటకంటె వెల్డింగు అనుటయే సమంజసము. అంచున రంగు ఉన్నచో ఈ పని సాగదు; ముందు గీకివేయవలెను. ఈ ద్రావణుల ఆవిరి తలనొప్పి తెచ్చును, తేలికగా నిప్పంటుకొనును. కిటికీలు తెరచి, ఉపాధ్యాయుని ఎదుటనే వాడవలెను.

రంగు వేయుటయే అన్నిటికంటె కష్టము. 1:72 కొలతలో అయిదడుగుల ఎనిమిదంగుళముల మనిషి 24 మిల్లీమీటర్లుండును. రంగు పూత మందము మిల్లీమీటరులో పదవవంతైనచో, నిజమైన మనిషికి అది 7 మిల్లీమీటర్ల గారపూత! బొత్తాములు, ముక్కు అన్నియు పూడిపోవును. కావున పలుచని పూతలే పలుమారులు వేయుదురు. కోటు మీద 2 సెంటీమీటర్ల మడత బొమ్మపై 0.28 మిల్లీమీటరగును. మీటరు దూరమునుండి మన కంటికి విడిగా కనబడు కనీసపు దూరము సుమారు 0.3 మిల్లీమీటరు. అనగా నీడను వెలుగు కల్పింపదు, చిత్రకారుడే కల్పింపవలెను. నీళ్ళవలె పలుచనైన ముదురు రంగును పూసినచో, కేశాకర్షణచేత అది మడతల అడుగునకు తనంతట తానే చేరును. పిమ్మట ఇంచుమించు పొడిగానున్న కుంచెతో లేత రంగును మిట్టలపై రుద్దుదురు.

దీనికి ముందు ప్లాస్టికును సబ్బునీటితో కడిగి అస్తరు పూయవలెను. లేనిచో రంగు ముత్యములై జారును. కొండపల్లిలో ఆ అస్తరు సున్నము. అది కఱ్ఱ రంధ్రములను మూసి, గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి గట్టిపడును. ఆ తెలుపు వెలుగును త్రిప్పికొట్టుటచేత పైరంగులు మెరయును.

నెపోలియను సైనికునికి నీలిరంగు కోటు వేయుట వాడుక. కాని ఎల్లపుడు కాదు. ఇంగ్లీషువారితో వైరము వలన సముద్రముపై రాకపోకలు చెడి, నీలిమందు దొరకుట కష్టమయ్యెను. 1806లో కొన్ని పదాతి దళములకు తెల్లకోటులు నిర్ణయించి, మరుసటి యేటనే మానుకొనిరి. 1811లో నెపోలియను ప్రభుత్వము 'వోడు' అను ఐరోపా మొక్క సాగును ప్రోత్సహించెను. దాని ఆకులలోను ఆ రంగు పదార్థమే యున్నది గాని, తక్కువ. కావున కుంచె పట్టుటకు ముందు ఏ సంవత్సరపు, ఏ దళపు సైనికుడో తేల్చుకొనవలెను.

మన పాఠశాలలకు విదేశపు పెట్టెలు అక్కరలేదని నా అభిప్రాయము. పొణికికి నేడు కొరత ఏర్పడినది. చెట్టు పెరుగుటకు ఏండ్లు పట్టును. బొమ్మలవారికే చాలని కఱ్ఱను మనము అడుగరాదు. ఆరిన మునగకొమ్మ గాని, జీలుగు బెండు గాని అభ్యాసమునకు చాలును. చింతగింజలను వేయించి, పైపొట్టు తీసి, విసరి, నీళ్ళతో ఉడికించిన జిగురు దొరుకును. వానకాలమున అది బూజుపట్టును గనుక ఏ రోజున కారోజు చేసికొనుట మేలు. చందుర్తి రంగమును పేర్చునపుడు సిపాయిలకు ఎఱుపు వేయుట మఱవరాదు. పైరు చేనికి చీపురు పుల్లలు చాలును.